ఇంట్లో ఆడే పోకర్‌లో గెలవాలంటే నేర్చుకోవాల్సింది ముందు చిప్స్ లెక్క

ప్రశ్న: "వారాంతాల్లో ఫ్రెండ్స్‌తో ఇంట్లో పోకర్ ఆడుతున్నాం. ఆరు నెలలుగా వీడియోలు చూసి నేర్చుకుంటున్నా, ఏమీ తెలియనివాళ్ళే గెలుస్తున్నారు. ఇది అసలు నైపుణ్యమున్న ఆటేనా, లేక అంతా అదృష్టమేనా?"

వీడియోలు కాసేపు పక్కన పెట్టండి. మీ ఇంట్లో ఒక్కొక్కరికి ఎన్ని చిప్స్ (డబ్బుకు బదులు పందెం కాసే బిళ్ళలు) ఇస్తున్నారు? బ్లైండ్స్, అంటే ప్రతి పంపకంలో ముక్కలు చూడకముందే వంతులవారీగా ఇద్దరు కట్టాల్సిన పందేలు (ఒకటి చిన్నది, ఒకటి పెద్దది), ఎన్ని నిమిషాలకు పెంచుతున్నారు? ఆ రెండు అంకెలు చెబితే మీ ఆరు నెలల చదువు ఎంతవరకు పనికొస్తుందో నేను ఇక్కడే కూర్చుని చెప్పేస్తాను. మొదటి ముక్క పంచకముందే, చిప్స్ పెట్టె తెరిచినవాడి చేతిలో ఆట సగం తేలిపోతుంది.

మేం టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఆడుతుంటాం. ఎనిమిది మందిమి, తలా ఇరవై డాలర్లు, బిర్యానీ ఖర్చు వేరే. (ఇక్కడి చట్టంతో చిక్కు రాకుండా మా జాగ్రత్తలు మావి. ఆట సొంత ఇంట్లోనే, అందరికీ ఒకే అవకాశం, ఇంటాయన కమీషన్ తీసుకోడు. హైదరాబాద్‌లో మీరు డబ్బు పెట్టి ఆడుతుంటే ఆ గొడవ మీరే చూసుకోండి. తెలంగాణలో 2017 నుంచి రమ్మీకే దిక్కు లేదు, ఇక పోకర్ సంగతి చెప్పేదేముంది.)

మొదట్లో మా ఫ్రెండ్ పెట్టె కొన్నప్పుడు అందులో ఒక కాగితం వచ్చింది. దాని ప్రకారం తలా 1,500 చిప్స్, బ్లైండ్స్ 25, 50 దగ్గర మొదలు. "తొందరగా అయిపోవాలి, పిల్లల్ని పడుకోబెట్టాలి" అని ఫోన్‌లో పది నిమిషాల టైమర్ పెట్టాడు. మోగినప్పుడల్లా బ్లైండ్స్ రెట్టింపు. ఎవరికీ తప్పనిపించలేదు. నాకూ అనిపించలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. మా వాళ్ళు ముక్కలు కలిపి, పంచి, "ఇప్పుడు నేనెంత పెట్టాలి?" అని అడిగి, మధ్యలో పెరుగు చట్నీ అందుకునేసరికి పది నిమిషాల్లో మూడు, మహా అయితే నాలుగు పంపకాలు అవుతాయి. బల్ల చుట్టూ ఎనిమిది మంది. అంటే మీరు ఒకసారి బ్లైండ్ కట్టి, మళ్ళీ మీ వంతు వచ్చేలోపు అది రెండుసార్లు రెట్టింపైపోతుంది. మొదట్లో మీ దగ్గర 30 పెద్ద బ్లైండ్లున్నాయి. పది నిమిషాలకు 15. ఇరవై నిమిషాలకు ఏడున్నర. అరగంటకు నాలుగు కూడా లేవు. అది కూడా ఒక్క చిప్ పోగొట్టుకోకుండా చేతులు కట్టుకుని కూర్చుంటే. నాలుగు బ్లైండ్లు చేతిలో పెట్టుకుని ఎదుటివాడి మనసు చదివేదేముంటుంది? ఆసు కనబడితే మొత్తం తోసెయ్యడం, దేవుడికి దండం పెట్టుకోవడం.

ఆ రాత్రి నేను ముప్పావుగంట బుద్ధిమంతుడిలా చెత్త ముక్కలు పడేసి, చివరికి ఆసు, రాణి వస్తే ఉన్నదంతా పెట్టాను. పక్కనున్నాయన సోఫా చేతిమీద ఫోన్ ఆనించి క్రికెట్ చూస్తున్నాడు. తల కూడా ఎత్తకుండా "నేనూ" అన్నాడు. తిప్పి చూస్తే కళావరు ఎనిమిది, ఐదు. గెలిచే అవకాశం నాకు నూటికి అరవై, అతనికి నలభై, దాదాపుగా అంతే తేడా. చేతిలో రెండేసి ముక్కలు కాక, బల్లమీద అందరికీ కలిపి పరిచేవాటిలో ఐదు పడింది, అతనికి జత కుదిరింది. అతనికి తాను గెలిచినట్టు మేం చెప్పాల్సొచ్చింది. చివరికి 160 డాలర్లు జేబులో వేసుకుని వెళ్ళింది కూడా ఆయనే. ఇలాంటి ఆటలో నైపుణ్యం రూపాయికి పదిపైసలు కూడా ఉండదని నా ఘంటాపథమైన అభిప్రాయం. ఎలా లెక్కేశావని అడక్కండి.

అదే రాత్రి మా ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు కూడా కూర్చున్నారు. తెనాలి నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. మేమందరం బాబాయ్ గారనే పిలుస్తాం. నలభై ఏళ్ళు రమ్మీ ఆడిన చెయ్యి. పోకర్ ఎప్పుడూ చూడలేదు. అరగంటలో బయటికొచ్చేసి, ఎవరిమీదా కోపం లేకుండా ఒక మాటన్నారు.

"ఇదేం ఆటయ్యా, 101 ఆటలో మొదటి చేతికే ఫుల్ కౌంట్ ఇచ్చినట్టుంది."

రమ్మీ ఆడేవాళ్ళకి ఇంకేమీ వివరించక్కర్లేదు. ఆడనివాళ్ళకి ఒక్క మాట, 101 పాయింట్లు చేరినవాడు అవుట్, ఒక చేతిలో పడగల అత్యధికం 80, అదే ఫుల్ కౌంట్. 101 ఆటలో ఒక్కసారి 80 పడిందంటే ఇక నడుం విరిగినట్టే, ఒక డ్రాప్ (ముక్కలు చూసి ఆడకుండా తప్పుకోవడం) 20 కొట్టినా 100 దగ్గర నిలబడతారు. 201లో రెండు ఫుల్ కౌంట్లు తిన్నా కుర్చీలో ఉంటారు. అందుకే ఆటగాడు 201కి కూర్చుంటాడు, తొందరున్నవాడు 101కి కూర్చుంటాడు. ముక్కలు అవే, రూల్స్ అవే, తప్పు చేసి కోలుకునే అవకాశమొక్కటే తేడా. 1967లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అంది. పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి అని. బాబాయ్ గారికి ఆ కేసు నోటికొచ్చు. సికింద్రాబాద్‌లో ఏదో క్లబ్ మీద పోలీసులు పడ్డ దగ్గర్నుంచి మొదలుపెడతారు, ఆపడం కష్టం.

తర్వాతి శుక్రవారం పెట్టె నేను తెరిచాను. తలా 10,000, అవే 25, 50 బ్లైండ్స్, ఇరవై ఐదు నిమిషాలకోసారి పెంపు, అది కూడా ఒక్కసారిగా రెట్టింపు కాకుండా. అంటే చేతిలో 200 పెద్ద బ్లైండ్లు. ఇక నా ప్రతిభ బయటపడుతుందని మా ఆవిడతో చెప్పి మరీ వెళ్ళాను.

మొదటి గంటలోనే నాకు ఇస్పేటు ఆసు, డైమన్ రాజు వచ్చాయి. 150 పెట్టాను. అందరూ పడేశారు, బాబాయ్ గారొక్కరే అద్దాలు ముక్కు మీదికి జరుపుకుని 150 లెక్కపెట్టి ముందుకు తోశారు. బల్లమీద రాజు, తొమ్మిది, నాలుగు పడ్డాయి. నేను 250. ఆయన సరే. తర్వాత రెండు పడింది. నేను 700. ఆయన సరే, కాకపోతే ఈసారి మంచినీళ్ళు తాగారు. చివర జాకీ. నేను 1,500 అన్నాను. ఆయన చిప్స్‌ని రంగులవారీగా పేర్చుకుంటూ, తొందరేమీ లేకుండా "5,000 చెయ్యనా?" అని అడిగారు. అడిగారండీ, పర్మిషన్ అడిగినట్టు! పెద్దాయనకి ఆట రాదు కదా అనుకుని పెట్టేశాను.

ఆయన దగ్గర రెండు నాలుగులు. బల్లమీదున్న దానితో కలిపి మూడు.

"నాలుగులతో ఎందుకు వచ్చారు బాబాయ్ గారూ?" అన్నాను, ఏడుపు దాచుకుంటూ.

"నీకు పెద్ద ముక్క వస్తే కుర్చీలో నిటారుగా కూర్చుంటావయ్యా. మూడోది పడితే నీదంతా ఇస్తావని తెలుసు. పడకపోతే 150తో పోయేది."

జత చేతిలో ఉన్నప్పుడు మొదటి మూడు ముక్కల్లో మూడోది తగిలేది సుమారు ఎనిమిదిన్నరసార్లకు ఒక్కసారి. ఏడెనిమిదిసార్లు 150 పోగొట్టుకున్నా, ఒక్కసారి తగిలితే నా దగ్గర్నుంచి 6,100 లాగగలిగారు కాబట్టి ఆయనకి గిట్టింది. అదే పాత 1,500 ఆటలో బ్లైండ్ ఒకసారి పెరిగాక చూడండి. 300 పెట్టి లోపలికొస్తే నా దగ్గర మిగిలేది 1,200. తగిలినా పెట్టినదానికి నాలుగింతలే వస్తుంది, ఎనిమిదిసార్లు ఆగే ఓపికకి కూలి కూడా గిట్టదు. అప్పుడు ఆయన చూపు, ఆయన ఓపిక, నా నిటారు కూర్చోవడం, ఏవీ ఆటలోకే రావు. నా వాదనంతా ఇదే. ఆ రాత్రి నేను ఓడిపోయినందువల్ల వాదన బలపడిందే తప్ప తగ్గలేదు.

ఒక్క చిక్కుంది. ఆట రాత్రి రెండున్నరకి అయింది. ఇంటావిడ మర్నాడు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు తలా 5,000, ఇరవై నిమిషాలు. 25/50, 50/100, 75/150, 100/200, 150/300 ఇలా పోతుంది. మొత్తం 40,000 చిప్స్ కాబట్టి పెద్ద బ్లైండ్ 1,600, 2,000 దగ్గరికి వచ్చేసరికి ఎటూ తేలిపోతుంది, మూడు, మూడున్నర గంటలు. 100/200 రాగానే పాతిక చిప్స్ అన్నీ తీసి మార్చేయండి, లేకపోతే వాటిని లెక్కపెడుతూ తెల్లారిపోతుంది. చిప్స్ మీద అంకెలు లేని పెట్టె మాత్రం కొనకండి. నల్లది వందా, ఐదొందలా అని ఆటకి పదిసార్లు అడుగుతారు, టైమర్ మాత్రం ఆగదు.

"మేం కూడా 10,000 చిప్స్ ఇస్తున్నాం" అని చాలామంది గొప్పగా చెప్తారు. మొదటి పెద్ద బ్లైండ్ 500 అయితే ఆ పదివేలు ఇరవై బ్లైండ్లే కదా! లాస్ వెగాస్‌లో పదివేల డాలర్లు కట్టి ఆడే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ పోటీల మెయిన్ ఈవెంట్‌లో 2019 నుంచి 60,000 చిప్స్ ఇస్తున్నారు, మొదటి బ్లైండ్ 100/200, బ్లైండ్స్ పెంచేది రెండు గంటలకోసారి. 300 బ్లైండ్లు. వాళ్ళకేం, భోజనాలు వండేవాళ్ళు వేరే ఉంటారు.

ఇక మధ్యలో ఓడినవాడు మళ్ళీ ఇరవై కట్టి కూర్చోవచ్చా అన్నది పెద్ద గొడవ, మా గ్రూప్‌లో దాని మీద ఇద్దరు మాట్లాడుకోవడం లేదు, ఇప్పుడు దాని జోలికి పోను.

బాబాయ్ గారు తెనాలి వెళ్ళిపోయారు. నేను మాత్రం అప్పట్నుంచి ఏ ముక్క వచ్చినా కుర్చీలోకి జారగిలబడే కూర్చుంటున్నాను. నడుం నొప్పి మొదలైంది. పోయిన వారం మా ఫ్రెండ్ కొత్తగా చెప్పాడు, మంచి ముక్క వస్తే నేను బిర్యానీ తినడం ఆపేస్తున్నానట.