కోర్టు గన్ సేఫ్టీ కోర్సు చెయ్యమంటోంది, ఆన్‌లైన్‌లో చేస్తే సరిపోతుందా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం టెక్సాస్‌లో ఉంటాం, ఇద్దరికీ గ్రీన్ కార్డ్ ఉంది. మావారు ఆఫీస్ పని మీద ఊరెళ్తూ లాప్‌టాప్ బ్యాగ్‌లో గన్ ఉన్న సంగతి మర్చిపోయి అలాగే ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలోకి వెళ్ళిపోయారు, స్కానర్‌లో కనబడింది, పోలీసులొచ్చి కేసు పెట్టారు. వచ్చే వాయిదాకి ఒప్పుకుని సంతకం పెట్టేసి ఆన్‌లైన్‌లో గన్ సేఫ్టీ కోర్సు చేసి సర్టిఫికెట్ ఇస్తే కేసు కొట్టేస్తారు, కంగారేం లేదు అంటున్నారు మా లాయర్. వెతికితే కోర్ట్ అప్రూవ్డ్ అని బోల్డు కోర్సులు కనిపిస్తున్నాయి, ఏది తీసుకోవాలో తెలీట్లేదు. ఇంకోటి, ఇంట్లో రెండో గన్ కూడా ఉంది, బీరువా పైన పెడతారు. బాబుకి ఆరేళ్ళు. నాకు రోజూ భయమే.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కోర్సు సంగతి తర్వాత చెప్తాను, ముందు ఆ సంతకం ఆపండి. మీవారు ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో మీ లాయర్‌ని సూటిగా అడగండి. రెండు రకాలుంటాయి. ఒకటి, తప్పు ఒప్పుకోకుండానే ప్రాసిక్యూటర్ ఆఫీసు కొన్ని షరతులు పెట్టి, అవి పూర్తి చేస్తే కేసు వదిలేసే ప్రీట్రయల్ డైవర్షన్. రెండోది డిఫర్డ్ అడ్జుడికేషన్, అంటే జడ్జి ముందు గిల్టీ (తప్పు చేశాను) అనో నో కాంటెస్ట్ (ఆరోపణని కాదనను) అనో చెప్పాలి, తీర్పు వాయిదా వేసి, చెప్పినవన్నీ చేస్తే చివర్లో కేసు కొట్టేస్తారు. టెక్సాస్ లెక్కలో ఈ రెండోదానికి శిక్ష పడనట్టే, కానీ ఇమ్మిగ్రేషన్ చట్టం లెక్క వేరమ్మా. అక్కడ తప్పు ఒప్పుకుని ఏదో ఒక షరతు పడితే చాలు, అది కన్విక్షనే, అంటే నేరం రుజువైనట్టే, తర్వాత కొట్టేసినా సరే. పైగా గన్ కేసులో కన్విక్షన్ అంటే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళని కూడా దేశం నుంచి పంపించెయ్యడానికి చట్టంలో రాసి ఉన్న కారణాల్లో ఒకటి. కేసు చిన్నదే కదా, సర్టిఫికెట్ ఇస్తే పోతుంది కదా అనుకుని సంతకం పెట్టేసి, ఏళ్ళ తర్వాత సిటిజన్‌షిప్‌కి అప్లై చేసినప్పుడో, ఇండియా వెళ్ళి తిరిగొస్తున్నప్పుడో ఇది బయటపడితే అప్పుడు చెయ్యగలిగింది చాలా తక్కువ.

మీ లాయర్‌ని తప్పు పట్టట్లేదు, క్రిమినల్ కేసులు చూసేవాళ్ళందరికీ ఇమ్మిగ్రేషన్ లోతుగా తెలియకపోవచ్చు. కానీ 2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీం కోర్టు స్పష్టంగా చెప్పింది, ఒప్పుకోలు వల్ల దేశం వదిలిపోవాల్సిన ప్రమాదం ఉంటే ఆ సంగతి క్లయింట్‌కి చెప్పడం డిఫెన్స్ లాయర్ బాధ్యత అని. కాబట్టి మొహమాటపడకండి. వాయిదా లోపే ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి కేసు కాగితాలు చూపించి ఆయన్నీ మీ లాయర్నీ మాట్లాడుకోమనండి. అది తేలేదాకా మీవారు విదేశీ ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిది.

ఇక కోర్సు. వెబ్‌సైట్ మీద కోర్ట్ అప్రూవ్డ్ అని రాసుకున్నంత మాత్రాన మీ కోర్టు ఒప్పుకుంటుందని కాదు, ఒప్పుకోవాల్సింది మీ జడ్జి, లేకపోతే షరతులు పాటిస్తున్నారో లేదో చూసే ప్రొబేషన్ ఆఫీసర్. డబ్బు కట్టకముందే కోర్సు పేరు, ఎన్ని గంటలు, ఆన్‌లైనా ఎదురుగా కూర్చునేదా అన్నీ రాసి లాయర్ ద్వారా అడిగించి, సరేనన్న జవాబు రాతలో తీసుకోండి. ఆర్డర్‌లో నాలుగు గంటలని ఉంటే గంట కోర్సు చేసి లాభం లేదు. కొన్ని చోట్ల షూటింగ్ రేంజ్‌లో కాల్చి చూపించే క్లాసే కావాలంటారు, అలాంటప్పుడు ఇంకో మెలిక ఉంది, బాండ్ (బెయిల్) షరతుల్లో ఆయుధం ముట్టుకోకూడదని ఉంటే ఆ క్లాసుకి వెళ్ళడమే షరతు తప్పినట్టవుతుంది, ముందు అనుమతి తీసుకోవాలి. ఇంట్లో ఉన్న రెండో గన్‌కి కూడా ఇదే వర్తిస్తుంది, ఇవాళే అడగండి.

సర్టిఫికెట్ మీద పేరు కూడా చూసుకోండి. మనవాళ్ళకి ఇది మామూలు తలనొప్పే, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరుతో సహా ఇంత పొడుగు ఉంటుంది, కోర్సులో రిజిస్టర్ అయ్యేటప్పుడు ఆఫీసులో పిలిచే పొట్టి పేరు కొట్టేస్తారు. కోర్టు కాగితంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి, కేసు నంబర్, గంటలు, పూర్తి చేసిన తేదీ వేయించుకోండి.

కోర్టుతో పని అయిపోయినా ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ చూసే టీఎస్ఏ జరిమానా విడిగా వస్తుందమ్మా, వేల డాలర్లలో వెయ్యొచ్చు, సెక్యూరిటీ త్వరగా అయిపోయే ప్రీచెక్ ఉంటే 5 ఏళ్ళ దాకా తీసెయ్యొచ్చు. మర్చిపోయానండీ అంటే వాళ్ళకి కొత్త కాదు, 2023లో దేశం మొత్తం మీద చెక్ పాయింట్లలో 6,737 గన్‌లు పట్టుకున్నారు, నూటికి 93 లోడ్ చేసి ఉన్నవే, ఒక్క డాలస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్ట్‌లోనే 378. గన్‌తో వెళ్ళాలంటే ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్‌లో చెప్పి చెకిన్ బ్యాగేజ్‌లోనే వెయ్యాలి.

ఇక మీ భయం. అది నూటికి నూరుపాళ్ళూ సరైన భయం. ఆరేళ్ళ పిల్లాడికి కుర్చీ జరుపుకుని బీరువా ఎక్కడం ఎంతసేపు? టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేసి, అది వాళ్ళ చేతికి చిక్కితే అదే ఒక నేరం, ఆ పిల్లాడు పేల్చి ఎవరైనా చనిపోయినా ఘోరంగా గాయపడినా ఏడాది దాకా జైలు. అందుకే ఆ కోర్సుని మీవారు క్లిక్ కొట్టుకుంటూ పోకుండా మీ పక్కన కూర్చుని చూడమనండి. అందులో చెప్పేది కొంచెమే. గన్ ఏదైనా లోడ్ అయి ఉందనే అనుకోవాలి, కాల్చకూడని దాని వైపు ఎప్పుడూ తిప్పకూడదు, గురి పెట్టేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు, గురి వెనకాల ఏముందో చూసుకోవాలి. చాలామంది పొరపడేది పిస్టల్ ఖాళీ చెయ్యడంలో. మ్యాగజైన్ (బుల్లెట్లుండే డబ్బా) లాగేశాం కదా ఖాళీ అయిపోయింది అనుకుంటారు, చాంబర్‌లో, అంటే పేలడానికి సిద్ధంగా ఉండే గదిలో, ఒక బుల్లెట్ ఉండిపోతుంది, ట్రిగ్గర్ నొక్కితే పేలేది అదే. మ్యాగజైన్ తీశాక స్లైడ్ వెనక్కి లాగి పట్టుకుని లోపల కంటితో చూసి, వేలు పెట్టి తడిమి చూడాలి. చూశాక కేబుల్ లాక్ వేసి సేఫ్‌లో పెట్టాలి, బుల్లెట్లు వేరే తాళంలో. 2005 చట్టం ప్రకారం షాపువాళ్ళు హ్యాండ్‌గన్‌తో పాటు లాకో అలాంటి పరికరమో ఇచ్చి తీరాలి, ఆ డబ్బాలో వెతకండి, ఉండే ఉంటుంది. తాళం ఎక్కడుందో బాబుకి తెలియకూడదు.

ప్రశ్న: నేను హెచ్‌వన్‌బీ మీద ఉన్నాను. ఆన్‌లైన్ గన్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉంటే గన్ కొనుక్కోవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: కుదరదు బాబూ. ఆ సర్టిఫికెట్ నువ్వు పాఠం విన్నావని చెప్తుంది, అంతకు మించి ఏ హక్కూ ఇవ్వదు. హెచ్‌వన్‌బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. తప్పితే 15 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. రూమ్మేట్ గన్ ఇంట్లో ఉన్నా అది నీ చేతికి అందకుండా అతని సేఫ్‌లో, అతని తాళంతో ఉండాలి. ఫ్రెండ్స్ రేంజ్‌కి రమ్మన్నా సరదాకి కదా అని వెళ్ళిపోకు, ముందు లాయర్‌ని అడుగు.