పార్కు బళ్ళ దగ్గర ప్లాస్టిక్ మాన్పించాలంటే

చి. అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

బరంపురంలో మీ పార్కు కమిటీవాళ్ళు తిండి బళ్ళ బాధ్యత నీకు అప్పజెప్పారని అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. ఒక్కటి మాత్రం విను. మొదటిరోజే బోర్డు పాతేసి జరిమానా పుస్తకం పట్టుకుని తిరగకు. బండి మీదున్న ప్రతి ప్లాస్టిక్ వస్తువూ ఏదో ఒక పని చేస్తోంది. ఆ పనికి ఇంకోటి చేతికివ్వకుండా లాక్కున్నావంటే, నువ్వటు తిరగ్గానే అది బల్ల కిందనుంచి పైకొస్తుంది.

చట్టం సంగతి బళ్ళవాళ్ళకి తెలీక కాదు. 2018 అక్టోబరు 2 నుంచే భువనేశ్వర్, కటక్, పూరీలతోపాటు బరంపురంలోనూ ఆంక్షలున్నాయి. 2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, ఐస్‌క్రీం పుల్లలు నిషేధం. ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ సంచులూ కుదరవు. నీళ్ళ సీసా, చిప్సు పాకెట్టు ఆ జాబితాలో లేవు, వాటి మీద గొడవపడి అసలు పని పాడుచేసుకోకు.

ముందు ఒక శనివారం, ఒక ఆదివారం సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా కూర్చుని లెక్క రాయి. టీ బండి గంటకెన్ని కప్పులు పోస్తోంది, గుప్‌చుప్ (పానీపూరీ) బండి ఎన్ని ప్లేట్లిస్తోంది, పకోడీల దగ్గర చట్నీ కవర్లెన్ని పోతున్నాయి, అన్నీ రాయి. బండికొక పేజీ పెట్టుకో.

టీతో మొదలుపెట్టు. ప్లాస్టిక్ కప్పు తీసేస్తే అందరూ కాగితం కప్పుకి మారతారు, మనం గెలిచామనుకుంటాం. ఒక కాగితం కప్పు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి పొద్దున గోటితో గీకి చూడు. కాగితం గుజ్జుగా ఊడిపోయి, ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్ కప్పు చేతిలో మిగులుతుంది. బళ్ళవాళ్ళందర్నీ పిలిచి వాళ్ళ ఎదురుగానే గీకు. టీకి స్టీలు గ్లాసే సరైంది.

ఎన్ని గ్లాసులు కావాలో ఇలా లెక్కకట్టు. రద్దీ గంటలో 120 టీలు పోతాయనుకో. గ్లాసు జనం చేతిలోకి వెళ్ళి, కడుక్కుని, ఆరి మళ్ళీ బండెక్కడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అంటే ఎప్పుడూ 40 తిరుగుతుంటాయి. పోయేవాటికి ఇంకో సగం కలుపుకుని 60 పెట్టు. గ్లాసు ధరకి దగ్గరగా డిపాజిట్ తీసుకుని, తిరిగిచ్చినప్పుడు ఇచ్చెయ్యాలి. డిపాజిట్ మరీ తక్కువైతే గ్లాసులు ఇళ్ళకి వెళ్ళిపోతాయి.

ఈ పథకం నిలిచినా కూలినా కడుగు దగ్గరే. బండికొక బకెట్టు పెట్టుకుంటే రెండో గంటకే నీళ్ళు మురికి తేలతాయి, జనం ముఖం తిప్పుకుంటారు, మర్నాడు కాగితం కప్పు తిరిగొస్తుంది. అన్ని బళ్ళకీ కలిపి ఒకే చోట కుళాయి కింద మూడు తొట్లు పెట్టించు. మొదటి తొట్టిలో సబ్బు, రెండోదాంట్లో మంచినీళ్ళు, మూడోదాంట్లో ఇరవై లీటర్లకి ఆరేడు గ్రాముల బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళు. అందులో రెండు నిమిషాలు ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా జాలీ మీద బోర్లించాలి. తుడిచే గుడ్డే రోగం అంటిస్తుంది. నీళ్ళు మబ్బుగా కాగానే మార్చెయ్యాలి. పౌడరు మూత బిగుతైన డబ్బాలో ఉండాలి, చెమ్మ తగిలితే బలం పోతుంది. కడిగే మనిషికి జీతం బళ్ళన్నీ కలిసి వేసుకోవాలి, ఈ మాట ముందే తేల్చుకో.

గుప్‌చుప్‌కీ పకోడీకీ మనకి అడ్డాకు ఉండనే ఉంది. ఒడియాలో సియాళి ఆకంటారు. రాయగడ, గజపతి కొండల్లో ఆడవాళ్ళు పుల్లలతో కుట్టే దొప్పలు, విస్తళ్ళు అడుగు. మిషను మీద నొక్కిన ప్లేట్లతో జాగ్రత్త. కొందరు ఆకుల మధ్య ప్లాస్టిక్ ఫిల్ము పెట్టి వేడితో అతికిస్తారు. అంచు పట్టుకుని చించి చూడు. ఆకు పటుక్కున తెగి, మధ్యలో పొర జిగురులా సాగిందంటే కట్టలు కట్టలు వెనక్కి పంపించెయ్. ఆకు సరుకు వానాకాలంలో బూజు పడుతుంది, అందుకని పదిహేను రోజులకి మించి కొనకు. నేల మీద కాక చెక్క మీద పేర్చించు. పాలిథీన్ కప్పితే లోపలే చెమర్చి ఇంకా తొందరగా పాడవుతుంది. వాడేముందు కాసిని నీళ్ళు చిలకరిస్తే ఆకు విరగదు. పుల్ల కొనలు లోపలికి పొడుచుకొచ్చినవి తీసెయ్యాలి, పిల్లల నోరు గీసుకుంటుంది.

కొబ్బరిబొండానికి కాగితం స్ట్రా పెడితే తాగుతుండగానే మెత్తబడుతుంది. రంధ్రం కాస్త పెద్దగా చెక్కమను, ఎత్తి తాగుతారు. ఐస్‌క్రీముకి చెక్క చెంచా. ‘మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్’ అని ఎవడైనా సంచులమ్మజూపితే వాటి మీద తయారీదారు పేరు, సర్టిఫికెట్టు నెంబరు ఉన్నాయో లేదో చూడు. ఉన్నా మన పార్కు గుంటలో అవి కుళ్ళవు, వాటికి పెద్ద కంపోస్టు యార్డులో ఉండేంత వేడి కావాలి.

ఇక గేటు బయటి బళ్ళు. ఎక్కువచోట్ల పని చెడేది అక్కడే. లోపలివాడు గ్లాసు కడుక్కుంటుంటే బయటివాడు కవర్లో కట్టి చవగ్గా అమ్ముతాడు, బేరం వాడికిపోతుంది. బయటివాళ్ళనీ ఈ ఏర్పాటులో కలుపుకో, అదే కడుగు తొట్టి వాళ్ళకీ ఇవ్వు. వచ్చే గుత్త కాగితంలో ఈ షరతు రాయించు. బోర్డు ఒడియాలోనూ తెలుగులోనూ బొమ్మలతో ఉండాలి. ఆకుల డబ్బా వేరుగా పెట్టి, అందులో ఒక్క కవరు కనిపించినా ఆ పూటే తీయించు.

ఈ ఆదివారం రాసిన లెక్క పేజీలు ఫోటో తీసి పంపు. ఏ బండికెన్ని గ్లాసులో, ఎన్ని కట్టల దొప్పలో కలిసి లెక్కేద్దాం.

మీ మావయ్య