దుబాయ్ పోయే అల్లుడికి

అల్లుడా,

నువ్వు దుబాయ్ పోతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. సంతోషమే, ఇల్లు నిలబెట్టాలని బయల్దేరావు. కానీ నాకొక మాట చెప్పకుండా ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టేశావట, అంత తొందరేమొచ్చిందిరా?

"విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తా" అన్నాడట. వద్దు. విజిట్ మీద పని చేయడం అక్కడ నేరం. నువ్వు పది పాస్ కాలేదు కాబట్టి నీది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే అక్కడికి పనికి పోవాలంటే మన సర్కారు అనుమతి కావాల్సింది. పని వీసా అయితే ఈ-మైగ్రేట్ అనే సర్కారు వెబ్‌సైట్‌లో ఆ అనుమతి (క్లియరెన్స్) తీసుకోవాలి, రూ.275 కడితే రెండేళ్లకు 10 లక్షల ప్రమాద బీమా కూడా వస్తుంది. విజిట్ మీద పోతే అదీ లేదు, ఇదీ లేదు. లైసెన్సున్న ఏజెంటైనా 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి అడగకూడదు. నీ దగ్గర లక్షన్నర అడిగాడంటే వాడెవడో అర్థం చేసుకో.

అంత డబ్బంటే అప్పు చేయాల్సిందే కదా, అప్పంటే నాకెందుకు భయమో చెప్తా. నేనక్కడ పని చేసినప్పుడు మా రూములో కోరుట్ల అతను ఉండేవాడు. ఊళ్లో మిత్తి పెరిగిపోతోంది, కంపెనీ జీతం దానికే చాలట్లేదు, బయట ఎక్కువిస్తారని ఒకరోజు క్యాంపు వదిలి ఖల్లివల్లి అయిపోయాడు, అంటే కంపెనీ నుంచి పారిపోయి కాగితాల్లేకుండా బయట పని చేసుకునేవాడన్నమాట. పాస్‌పోర్టేమో కంపెనీ దగ్గరే ఉండిపోయింది. మొదట్లో మాకంటే ఎక్కువే పంపాడు, మేమే కుళ్లుకున్నాం. తర్వాత చెకింగ్ భయానికి శుక్రవారం బజారుకు రావడం మానేశాడు, ఆస్పత్రిలో గుర్తింపు కార్డు అడుగుతారని పన్ను నొప్పితో వాచిన బుగ్గ పట్టుకుని రూములోనే పడుకున్నాడు, మేస్త్రీ జీతం ఎగ్గొడితే ఎవరికి చెప్పుకుంటాడు? వాళ్ల నాన్న పోయినప్పుడు ఎయిర్‌పోర్టు దాకా పోవడానికి గంట కూడా పట్టదు, అయినా కొరివి తమ్ముడే పెట్టాడు. 2007లో అక్కడి సర్కారు ఇలాంటోళ్లకు క్షమాభిక్ష ఇచ్చాక జరిమానా లేకుండా ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్టు బదులు ఇచ్చే ప్రయాణ కాగితం మీద, ఇల్లు చేరాడు. అందరూ వాణ్ని తెలివితక్కువోడన్నారు. నేననను, అంత అప్పు నెత్తిన ఉంటే నువ్వైనా నేనైనా అదే చేస్తాం.

ఇక అక్కడిచ్చే గుర్తింపు కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి. పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు ఫొటోలు తీసి అక్కకు పంపు. ఎయిర్‌పోర్టులో ఎవడి పార్సిలూ పట్టుకోకు, మన వాడకట్టోడైనా సరే. అక్క మసాలా పొడి కడుతుంది, గసగసాలు మాత్రం వేయొద్దని చెప్పు, అక్కడ వాటిని మత్తుమందుల్లో జమకట్టి జైల్లో వేస్తారు. పచ్చడి పెట్టుకో, తిట్టాను కదా అని తిండి మానకు.

ఆ ఏజెంటు లైసెన్సు నంబరు నాకు వాట్సాప్ చెయ్. ఆదివారం జగిత్యాల వస్తా, అప్పటిదాకా వాడికి రూపాయి కట్టకు.

మీ మామ