జనాభా పెరిగితే దేశం వెనకబడుతుందా?

జనాభా ఎంత అన్నదానికన్నా, ఎంత వేగంగా పెరుగుతోంది, ఏ వయసువాళ్లు ఎక్కువ అన్నదే అసలు లెక్క. 1951లో మన దేశంలో 36 కోట్ల మంది. 2011 నాటికి 121 కోట్లు. ఆ వేగానికి బడి కట్టేలోపే గదులు చాలకుండా పోయేవి. ఒకే టీచరు మూడు తరగతులను ఒక్క గదిలో కూర్చోబెట్టిన రోజులు చాలామందికి గుర్తే. ఇంట్లో నలుగురు పిల్లలుంటే పైచదువు ఒకరికే, అదీ ఎక్కువగా మగపిల్లాడికే.

అయితే ఆ పిల్లలే చదువుకుని పనిలో చేరితే సంపాదించే చేతులు పెరుగుతాయి. ఉద్యోగాలు లేకపోతే కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరగడమే.

ఇప్పుడు మనవైపు టెన్షన్ వేరు, పిల్లలు మరీ తగ్గిపోతున్నారని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలే, బీహార్‌లో 3. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది కూడా.