ముందు వైపు 5 శాతం, వెనక జాబితాలో అడుగున: మాయిశ్చరైజర్ కంపెనీపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 649 రూపాయలు పెట్టి 100 గ్రాముల మాయిశ్చరైజర్ కొన్నాను. ట్యూబు మీద ‘5 శాతం నియాసినమైడ్’, ‘సెరమైడ్లతో’, ‘72 గంటల తేమ’, ‘డెర్మటాలజికల్లీ టెస్టెడ్’ అని ఉంది. అమ్మకం పేజీలో ‘ఎగ్జిమాను తగ్గిస్తుంది’ అని కూడా రాశారు. వెనక పదార్థాల వరస ఇది: నీరు, గ్లిసరిన్, మినరల్ ఆయిల్, సెటిల్ ఆల్కహాల్, డైమెథికోన్, ఫినాక్సీఇథనాల్, నియాసినమైడ్, జాంథన్ గమ్, సెరమైడ్ ఎన్‌పీ, సువాసన. అంత కింద ఉన్న నియాసినమైడ్ 5 శాతం ఎలా అవుతుంది? వాడినా నాకు తేడా తెలియలేదు. కంపెనీని అడిగితే ‘ఫార్ములా మా రహస్యం’ అన్నారు. ఈ జాబితా ఆధారంగా కేసు వేయొచ్చా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వేయొచ్చు. కానీ ‘వాడినా తేడా తెలియలేదు’ అన్న మాటను ఫిర్యాదుకు మూలం చేసుకోకండి. మీ చర్మం తీరు వేరనీ, వాడిన విధానం సరిగా లేదనీ కంపెనీ వకీలు రెండు నిమిషాల్లో దాన్ని పక్కన పెట్టేస్తారు. పైగా గ్లిసరిన్ రెండో స్థానంలో, మినరల్ ఆయిల్ మూడో స్థానంలో, డైమెథికోన్ ఐదో స్థానంలో ఉన్న క్రీము చర్మానికి తేమ పట్టి ఉంచుతుంది. మాయిశ్చరైజర్‌గా అది పనికిరానిదని మీరు నిరూపించలేరు. మీ బలం నియాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రూపం) దగ్గరుంది.

కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం 1 శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని వాటి తర్వాత ఏ వరసలో రాసినా తప్పు లేదు. చిన్న ప్యాకులకు మినహాయింపు ఉంది కానీ 100 గ్రాముల ట్యూబుకు అది వర్తించదు. ఇప్పుడు ఫినాక్సీఇథనాల్ సంగతి. అది క్రీము చెడిపోకుండా కలిపే ప్రిజర్వేటివ్. 1 శాతానికి మించి వాడకూడదు. అంటే అది జాబితాలో ఎక్కడ కనిపిస్తే అక్కడికే ‘1 శాతం’ గీత వచ్చేసినట్టు. దాని తర్వాత రాసినవన్నీ 1 శాతమో, అంతకన్నా తక్కువో అయి ఉండాలి. మీ ట్యూబులో నియాసినమైడ్ ఆ గీతకు కింద ఉంది. 5 శాతం నిజంగా కలిపి ఉంటే పైన, గీత దాటకముందే రావాలి.

కాబట్టి కంపెనీకి రెండే దారులు. జాబితా నిజమైతే ముందు వైపు ‘5 శాతం’ అబద్ధం. 5 శాతం నిజమైతే జాబితాను నిబంధన ప్రకారం ముద్రించలేదు. లేబుల్ మీద ఏ అంశంలోనైనా తప్పుడు లేదా తప్పుదోవ పట్టించే మాట ఉన్నా, నిర్దేశించిన పద్ధతిలో లేబుల్ లేకపోయినా డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 1940లోని సెక్షన్ 17సి కింద అది ‘మిస్‌బ్రాండెడ్’ కాస్మెటిక్. ఏ దారిన వెళ్లినా తప్పు కంపెనీదే. ఫిర్యాదులో మొదటి పేరా ఇదే కావాలి. ‘ఫార్ములా రహస్యం’ అన్న జవాబూ చెల్లదు. ప్రతి పదార్థం శాతమూ బయటపెట్టాలని చట్టం అనడం లేదు, నిజమే. కానీ ఈ ఒక్క శాతాన్ని వాళ్లే అట్టమీద అచ్చు వేసి అమ్మారు కదా!

ఒక జాగ్రత్త. ట్యూబును మళ్లీ ఒకసారి చూడండి. ‘5 శాతం నియాసినమైడ్’ అని ఉందా, ‘5 శాతం నియాసినమైడ్ కాంప్లెక్స్’ అని ఉందా? కాంప్లెక్స్ అంటే ముడిసరుకు మిశ్రమం. అందులో ఎక్కువ భాగం నీరో, గ్లిసరినో ఉండి అసలు పదార్థం కొద్దిగానే ఉండొచ్చు. అప్పుడు ఆ 5 శాతం మిశ్రమానిదని కంపెనీ వాదిస్తుంది. ఆ మాట ఉన్నా కేసు పోదు, మామూలు కొనుగోలుదారు దాన్ని ఎలా అర్థం చేసుకుంటారన్న చర్చ వస్తుంది. లఖన్‌పాల్ నేషనల్ కేసులో (1989) సుప్రీంకోర్టు చెప్పిన కొలమానం అదే: ఆ మాట సామాన్యుడి మీద ఎలాంటి ప్రభావం చూపుతుందన్నది చూడాలి. చిన్నపాటి పొరపాటు ప్రతిదీ అనుచిత వ్యాపార పద్ధతి కాదని కూడా ఆ తీర్పులోనే ఉంది.

సెరమైడ్ విషయంలో మాత్రం పట్టు పట్టకండి. చర్మంలో సహజంగా ఉండే కొవ్వు పదార్థాలైన సెరమైడ్లను మామూలుగానే చాలా తక్కువ మోతాదులో కలుపుతారు. జాబితాలో కింద ఉండటం మోసానికి రుజువు కాదు. ‘సెరమైడ్లతో’ అన్నారు, సెరమైడ్ ఉంది. బలహీనమైన ఆరోపణను జత చేస్తే అవతలి పక్షం దాన్నే పట్టుకుని మీ ఫిర్యాదు మొత్తాన్ని తేలిక చేస్తుంది. ‘డెర్మటాలజికల్లీ టెస్టెడ్’ కూడా అంతే. చాలాసార్లు దాని వెనక ఉండేది చర్మం మీద దురద, మంట వస్తాయా అని చూసే ప్యాచ్ పరీక్ష. ఫలితం ఇస్తుందన్న హామీ ఆ మాటలో లేదు.

‘72 గంటల తేమ’ను పదార్థాల జాబితా తేల్చలేదు, పరీక్షే తేల్చాలి. ఇక్కడ వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మీకు గట్టి ఆయుధం ఇచ్చింది. తగిన పరీక్ష లేకుండా వస్తువు పనితీరుకు హామీ ఇవ్వడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. పరీక్ష చేశామని కంపెనీ అంటే, దాన్ని రుజువు చేసే భారం కూడా కంపెనీదే. అందుకే నోటీసులో అడగాల్సినవి సూటిగా అడగండి: ఎంతమంది మీద పరీక్షించారు, ఏ పరికరంతో కొలిచారు, దేనితో పోల్చారు, ఆ 72 గంటల్లో చర్మాన్ని కడగనిచ్చారా, పరీక్షించిన ఫార్ములా, అమ్ముతున్న ఫార్ములా ఒకటేనా. రోజూ స్నానం చేసే మనిషికి ఆ నాలుగో ప్రశ్న చాలా ముఖ్యం.

‘ఎగ్జిమాను తగ్గిస్తుంది’ అన్నది వేరే తరహా తప్పు. శుభ్రపరచడానికి, అందంగా కనిపించడానికి, రూపాన్ని మార్చడానికి వాడేది కాస్మెటిక్. జబ్బు నయం చేస్తానన్నది ఔషధం కిందికి వస్తుంది. దానికి ఔషధ లైసెన్సు కావాలి. ట్యూబు మీదున్న తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు రాసుకుని, ఆ పేజీ ప్రింటు జతచేసి ఔషధ నియంత్రణ శాఖలో మీ ప్రాంత డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఎగ్జిమా ఉన్నవాళ్లు ఇలాంటి మాట నమ్మి అసలు వైద్యం మానేస్తారు. నా దృష్టిలో మీరు రాసిన వాటన్నింటిలో ప్రమాదకరమైన మాట ఇదే.

ఆధారాలు వెంటనే భద్రం చేయండి. అమ్మకం పేజీలో మాటలు రాత్రికి రాత్రే మారిపోతాయి. తేదీ, వెబ్ చిరునామా కనిపించేలా స్క్రీన్‌షాట్లు, స్క్రీన్ రికార్డింగ్ తీసుకోండి. వాటితో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ ఆధారాలను ధ్రువీకరించే సర్టిఫికెట్ జత చేస్తే అభ్యంతరాలకు తావుండదు. బిల్లు, డెలివరీ కవరు, అట్టపెట్టె పారేయొద్దు. మీరు వాడిన ట్యూబును పరీక్షకు పంపితే ‘తెరిచింది, ఏదో కలిపారు’ అంటారు. అదే బ్యాచ్ ట్యూబు ఇంకొకటి కొని సీలు విప్పకుండా ఉంచండి.

ప్రైవేటు ల్యాబ్‌లో నియాసినమైడ్ శాతం హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పరీక్ష) కొలుస్తారు. కానీ మీరు సొంతంగా తెచ్చిన రిపోర్టు మీద వాదన నడుస్తుంది. రెండు మంచి మార్గాలున్నాయి. 1940 చట్టంలోని సెక్షన్ 26 ప్రకారం, కొన్న కాస్మెటిక్‌ను ఎవరైనా ఫీజు కట్టి గవర్నమెంట్ అనలిస్టుకు (ప్రభుత్వ ల్యాబ్ నిపుణుడికి) పంపి, సంతకంతో కూడిన రిపోర్టు పొందొచ్చు. లేదా కేసు వేశాక, శాంపిల్‌ను సీలు చేసి ల్యాబ్‌కు పంపమని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌నే కోరొచ్చు. ల్యాబ్ ఖర్చు ముందుగా మీరు కట్టాల్సి రావచ్చు.

ఫిర్యాదుకు ముందు కంపెనీకి, అమ్మకందారుకు స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. తప్పనిసరి కాకపోయినా ఫైలుకు బలం. ఆన్‌లైన్ వేదిక గ్రీవెన్స్ ఆఫీసర్‌కూ రాయండి. ఈ-కామర్స్ రూల్స్, 2020 ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఎక్కడున్నా మీరు నివసించే చోటే వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. తయారీదారుతో పాటు అమ్మకందారునూ ప్రతివాదిగా చేర్చండి. జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజులు, ఆపై గరిష్ఠంగా 15 రోజులు. ఆ 45 రోజులు దాటనివ్వకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

కోరికలు కొలత తప్పకూడదు. ధర వాపసు, సహేతుకమైన నష్టపరిహారం, ఖర్చులు, ‘5 శాతం’ మాట తొలగింపు, సవరణ ప్రకటన అడగండి. 649 రూపాయల ట్యూబుకు 20 లక్షలు అడిగితే కమిషన్ మిమ్మల్నే అనుమానంగా చూస్తుంది. ప్రకటనను అందరికీ ఆపించాలనుకుంటే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 17 కింద జిల్లా కలెక్టర్‌కో, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకో ఫిర్యాదు చేయండి. తప్పుదోవ పట్టించే ప్రకటనపై ఆ సంస్థ 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. ఆ డబ్బు మీకు రాదు. రెండు ఫిర్యాదులూ సమాంతరంగా నడపొచ్చు. దారి తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

కేసు తేలేదాకా సామాజిక మాధ్యమాల్లో ‘దొంగ కంపెనీ’ అని రాయకండి, పరువు నష్టం నోటీసు వస్తుంది. ట్యూబు ముందు వైపు ఫొటో, వెనక వైపు ఫొటో పక్కపక్కన పెట్టి ‘ఈ రెండూ ఎలా పొసగుతాయి?’ అని అడగడానికి మాత్రం ఏ అడ్డంకీ లేదు.