జాంబియా మిషన్ ఆసుపత్రికి వెళ్తానంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. మా చర్చి సంఘానికి ఒక మిషనరీ వచ్చి మాట్లాడి వెళ్లినప్పటి నుంచి, పరీక్షలవగానే ఆఫ్రికాలోని జాంబియాలో ఏదైనా పల్లెటూరి మిషన్ ఆసుపత్రికి వెళ్తానని పట్టుబట్టింది. అక్కడ రోజూ ఏం చేస్తారు? జీతం ఇస్తారా? తిరిగొస్తే ఇక్కడ ఉద్యోగం దొరుకుతుందా? – ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, నా మాట సూటిగా చెబుతాను. చదువవగానే పంపకండి. రెండేళ్లు ఇక్కడ ఏదైనా పెద్దాసుపత్రి లేబర్ రూములో గట్టిగా పనిచేశాక, అప్పటికీ వెళ్తానంటే మాత్రం ఆపకండి.

మచా అనే ఊరి సంగతి చెబితే అక్కడి రోజు ఎలా ఉంటుందో మీకు తెలుస్తుంది. జాంబియా దక్షిణాన చోమా పట్నం నుంచి సుమారు 70 కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి. 1906లో ఇద్దరు మహిళా మిషనరీలు అక్కడ మిషన్ మొదలుపెట్టారు. 1957లో ఆసుపత్రి వచ్చింది. ఒకప్పుడు అక్కడి పిల్లల వార్డు మలేరియాతో నిండిపోయేది. దోమతెరలు, త్వరగా చేసే రక్తపరీక్ష, మంచి మందులు, ఏళ్ల తరబడి అక్కడే సాగిన పరిశోధన కలిసి ఆ కేసులను బాగా తగ్గించాయి.

ఇలాంటి ఆసుపత్రుల్లో పొద్దున్నే సిబ్బందంతా చేరి స్థానిక భాషలో పాట పాడుకుని ప్రార్థన చేసుకుంటారు. ఆ తర్వాత డ్యూటీ అప్పగింతలు, రౌండ్లు, ఓపీ. దూరపు పల్లెల గర్భిణులు నెలలు నిండకముందే వచ్చి ఆసుపత్రి పక్కనున్న వసతిలో దిగుతారు. కట్టెల పొయ్యి మీద వాళ్ల వంట వాళ్లే చేసుకుంటూ నొప్పుల కోసం ఎదురుచూస్తారు. పల్లెలకు వెళ్లే రోజైతే జీపులో టీకాల ఐస్ బాక్సు పెట్టుకుని బయల్దేరాలి. చెట్టు కొమ్మకు కాటా వేలాడదీసి, బిడ్డను గుడ్డ తొట్టెలో కూర్చోబెట్టి తూకం వేస్తారు. కాళ్లు కొట్టుకుంటూ ఏడుస్తున్న బిడ్డ కుదురుకుని ముల్లు నిలిచేదాకా ఆగి, ఆ అంకెను తల్లి చేతిలోని కార్డు మీద రాయాలి. మధ్యాహ్నం అయ్యేదాకా అదే పని. బరువు తగ్గిన బిడ్డను గుర్తుపట్టడమే అందులో అసలు నైపుణ్యం.

తిండి గురించి దిగులు వద్దు. మొక్కజొన్న పిండితో చేసే న్షీమా మన సంకటి లాగే ఉంటుంది. పక్కన ఆకుకూరో, కపెంటా అనే చిన్న ఎండుచేపలో ఉంటాయి. మెత్తళ్లు తిన్న మనిషికి కొత్తేమీ కాదు. కరెంటు, నీళ్లు మాత్రం రోజూ చూసుకోవాల్సిందే. 2024 కరువులో, కరెంటు తయారయ్యే కరీబా డ్యాములో నీళ్లు అడుగంటి దేశమంతా గంటల తరబడి కోతలు పడ్డాయి.

ఇంకో సంగతి మీ అమ్మాయికి ముందే తెలియాలి. జాంబియా క్రైస్తవ దేశమని అక్కడి రాజ్యాంగంలోనే రాసుంది. సువార్త చెప్పడానికి వాళ్ల పాస్టర్లు వాళ్లకున్నారు. వాళ్ల నర్సులూ వాళ్లకున్నారు, చాలామంది మన కొత్త పట్టభద్రుల కంటే చేయి తిరిగినవాళ్లు. రాత్రి రెండింటికి ప్రసవమయ్యాక రక్తస్రావం ఆగకపోతే, డాక్టరు వచ్చేలోపు చేయాల్సింది చేయగల మనిషే వాళ్లకు అవసరం. నేర్చుకోవడానికి వచ్చిన పిల్లను చూసుకోవడం వాళ్లకు అదనపు బరువు. రెండేళ్లు ఆగమన్నది అందుకే.

ఆ రెండేళ్ల ప్రసూతి అనుభవం వచ్చాక 18 నెలల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ (ప్రసవాలు చేయించడంలో ప్రత్యేక శిక్షణ) కోర్సు చేయగలిగితే ఇంకా మంచిది. అక్కడా పనికొస్తుంది, తిరిగొచ్చాక ఇక్కడా పనికొస్తుంది. మీ ఉద్యోగం భయానికి నాకు కనిపించే సరైన మందు ఇదే.

డబ్బు విషయానికొస్తే, చాలా మిషన్ సంస్థలు జీతం ఇవ్వవు. వెళ్లేవాళ్లే సంఘాల నుంచి, తెలిసినవాళ్ల నుంచి నెలనెలా మద్దతు కూడగట్టుకోవాలి. కాబట్టి నెలఖర్చు ఎవరిది, వైద్య బీమా ఉందా, ప్రాణం మీదికొస్తే పెద్ద ఊరికి ఎవరు చేరుస్తారు, తిరుగు టికెట్ ఎవరు కొంటారు, అక్కడి నర్సింగ్ కౌన్సిల్ అనుమతి, వర్క్ పర్మిట్ ఎవరు తెస్తారు అని అడిగి, జవాబులు కాగితం మీద తీసుకోండి. దేవుని పని దగ్గర లెక్కలు అడగడం తప్పనిపిస్తుంది మనవాళ్లకు. అసలు అడగాల్సింది ఇక్కడే. అడిగితే చిన్నబుచ్చుకునే సంస్థతో మీ బిడ్డను పంపకండి.

ఆడపిల్ల, ఒంటరిగా, అంత దూరం అన్న మీ బెంగ నాకు అర్థమవుతుంది. మన దగ్గర నుంచి ఆఫ్రికాకు మిషనరీగా వెళ్లడం కొత్త కాదు. నెల్లూరు జాన్ రంగయ్య గారు 1903లోనే కుటుంబంతో సహా ఇప్పటి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లి, అక్కడి చెరకు, తేయాకు తోటల్లోని తెలుగు కూలీల మధ్య పనిచేశారు. మీ అమ్మాయి వెళ్లే చోట తెలుగు మాట వినబడదు. ఒంటరితనం నిజంగానే ఉంటుంది, ముఖ్యంగా చేతుల్లో బిడ్డ పోయిన రోజున. తోటి నర్సులతో కలిసి ఉండే వసతి, వారానికోసారైనా ఇంటికి ఫోన్ చేసే వీలు ఉన్న చోటే ఎంచుకోండి. మొదటిసారి మూడు నెలలకే ఒప్పుకోండి.

ఇప్పటికి పరీక్షలు, ఆ తర్వాత నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కానివ్వండి. ఈలోగా మీ సంఘానికి వచ్చిన ఆ మిషనరీతో మీ అమ్మాయిని ఒక గంట మాట్లాడనివ్వండి. బాగా గడిచిన రోజులు కాదు, మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో అడగమనండి.