పాలపన్నేగా అని పీకించకు

చి.ల.సౌ. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పాపకి ఏడో ఏడు రాగానే పలువరస సరిచేసే డాక్టరుకి, అదే ఆర్థోడాంటిస్టుకి, చూపించావని మీ అమ్మ ఫోన్లో చెబితే ఎంత గర్వంగా అనిపించిందో! అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం కూడా 7 ఏళ్ళకల్లా ఒకసారి చూపించమనే అంటుంది. కానీ కింద పుచ్చిన దవడపన్నుని శనివారం పీకించేస్తున్నావని కూడా చెప్పింది. అది విన్న దగ్గర్నించీ నా మనసు మనసులో లేదు.

పై ముందుపళ్ళ మధ్య సందు గురించి బెంగపడకు. 11, 12 ఏళ్ళకి కోరపళ్ళు దిగాక అది చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. దానికోసం ఇప్పుడే క్లిప్పులు వేయమని తొందరపెట్టకు. ఇంకా దిగని కోరపళ్ళు పక్కపళ్ళ వేళ్ళకి ఆనుకుని ఉంటాయి; ఈ వయసులో ఆ పళ్ళని జరిపితే వేళ్ళు అరిగే ప్రమాదముంది.

ఇక ఆ పుచ్చుపన్ను. "పాలపన్నేగా, ఎలాగూ ఊడేదే" అని ఇంటింటా అనేస్తారు. ఎంతమంది పిల్లల పలువరస పాడైందో ఆ ఒక్క మాటతో! ఆ రెండో పాలదవడపన్ను 10–12 ఏళ్ళ దాకా ఉండాల్సింది. దాని వెనకాలే, ఏ పన్నూ ఊడకుండానే ఇంకోటి వచ్చింది చూడు, అది శాశ్వతపన్ను. దానికి ముందుకు జరిగే గుణం ఉంది. పాలపన్ను అడ్డుగా ఉన్నంతకాలం ఆగుతుంది. తీసేశావా, ఖాళీలోకి ఒరిగిపోతుంది, అదీ ఎక్కువగా మొదటి 6 నెలల్లోనే. తర్వాత కింద నుంచి రావాల్సిన పన్నుకి చోటుండదు. ఎముకలోనే ఇరుక్కుంటుంది, లేదంటే నాలుక వైపు వంకరగా వస్తుంది. అప్పుడు ఆ చోటు మళ్ళీ తెరవడానికి ఏళ్ళతరబడి క్లిప్పులు, ఒక్కోసారి మంచి పన్నునే తీసేయాల్సి రావడం. ఇంత తెలిసీ ఊరుకోమంటావా?

అందుకని ముందు ఎక్స్‌రే తీయించు. వేళ్ళ మధ్య ఎముక బాగుంటే పల్పెక్టమీ చేసి, అంటే పన్ను లోపల పాడైన నరం తీసి మందు నింపి, పైన స్టీలు క్రౌను (తొడుగు) వేస్తారు. నవ్వితే కనబడుతుందని వెనకాడకు, పన్ను ఊడినప్పుడు అదీ దాంతోపాటే పోతుంది. చీము ఎముకని తినేసి పన్ను కదులుతుంటే మాత్రం తీయక తప్పదు. అప్పుడు స్పేస్ మెయింటైనర్ అడుగు: వెనక పన్నుకి రింగు, దాన్నుంచి ముందు పన్నుని తాకేలా తీగ. జీళ్ళు, పల్లీపట్టీ పెట్టకు, రింగు ఊడొస్తుంది. వారానికోసారి వేలితో కదిపి చూడు. వదులైన రింగు కింద అన్నం ఇరుక్కుని ఆ శాశ్వతపన్నే పుచ్చిపోతుంది. కొత్త పన్ను తొంగిచూడగానే తీగ తీయించేయాలి.

అంగిలికి బిగించి, చిన్న తాళంచెవితో మర తిప్పుతూ దాన్ని వెడల్పు చేసే ఎక్స్‌పాండర్‌కి ఒప్పుకున్నావు, అది సరైన పని. ఒకవైపు పై పళ్ళు కింది పళ్ళకి లోపలగా పడుతుంటే పిల్ల దవడని పక్కకి తిప్పి కొరుకుతుంది. అలాగే ఎదిగితే ముఖం ఓ పక్కకి పోవచ్చు. అంగిలి నడిమి అతుకు ఇప్పుడు మెత్తగా ఉంటుంది, పెద్దయ్యాక బిగుసుకుపోతుంది. డాక్టరు చెప్పిన లెక్కకి మించి ఒక్క తిప్పు కూడా వద్దు, సాధారణంగా తిప్పుకి పావు మిల్లీమీటరు. తాళానికి దారం కట్టి వేలికి చుట్టుకో, గొంతులోకి జారితే మింగేస్తుంది. పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ముందు రంధ్రంలో పెట్టి గొంతు వైపుకి, తర్వాతి రంధ్రం పూర్తిగా కనబడేదాకా తిప్పు. సగంలో ఆపితే మర్నాడు తాళం దూరదు. ముందుపళ్ళ మధ్య సందు పెరిగితే హడలిపోకు తల్లీ, పని జరుగుతోందన్నమాట. తిప్పడం అయిపోయాక కూడా కొత్త ఎముక గట్టిపడడానికి ఇంచుమించు 6 నెలలు నోట్లోనే ఉంచుతారు.

శనివారం ఎక్స్‌రే ఫోటో నాకు వాట్సాప్ చెయ్యి. తీయక తప్పదంటే, తీగ ఏ రోజు వేస్తారో అడిగి రాయించుకున్నాకే పాపని కుర్చీ ఎక్కించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ